కాట్పాడి మీదుగా ఒక్కణ్ణే

నా షడ్డకుడి కాళ్ళకు బొబ్బలు రాలేదు. తిరుమల నడక గురించి రాస్తూ ఈ మాటతో మొదలుపెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. గోవిందుడి పేరుతో మొదలుపెట్టాలి. కానీ ఆ ఏడు బెంగళూరు నుంచి కొండ దాకా నేను గోవిందుణ్ణి తలుచుకున్నదాని కంటే అతని కాళ్ళను తలుచుకున్నదే ఎక్కువ. కోలారు దాటేసరికి నా మడమలు రెండూ చిట్లాయి. ముళబాగిలు దగ్గర నేను రోడ్డు పక్క కూర్చుని గుడ్డపేలికలు చుట్టుకుంటుంటే, అతను జెండా పట్టుకుని జట్టుకు ముందు పోతున్నాడు.

అతను నా భార్య చెల్లెలి భర్త. బ్రూక్‌ఫీల్డ్‌లో ఎత్తయిన కట్టడంలో ఇల్లు. పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. నా కంటే వయసులో చిన్న, నన్ను అన్నా అని పిలుస్తాడు. ఆ పిలుపులో వెటకారం లేదు. అతనిలో దేన్నీ తప్పు పట్టలేం. నా బాధంతా అక్కడే ఉంది.

బెంగళూరులో మా నగర్తపేట నుంచి ప్రతి మార్గశిరంలో ఒక జట్టు కొండకు నడిచిపోతుంది. అంగళ్ళవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, జరీ పనివాళ్ళు. పోయే దారి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందరి మనిషి మడమ చూసుకుంటూ పోతే కొండ వచ్చేస్తుంది. తిరిగి రావడం అట్లా కాదు. అప్పటికి కాళ్ళు ఉండవు, ఓపిక ఉండదు, చేతిలో లడ్ల సంచులుంటాయి, ప్రతివాడికీ ఒక తొందర ఉంటుంది. ఆ తిరుగు దారి చెప్పే పని నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే సంపాదించుకున్నాను.

నేను బడికి పోలేదు. జరీ అంగట్లో మూటలు కట్టే పనికి చేరినప్పుడు నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. కట్టిన మూటల్ని బస్టాండుకు మోసుకుపోయి ఊరూరి బస్సుల మీద వేయాలి. ఒక ఊరి మూట ఇంకో ఊరికి పోతే యజమాని నోరు మూసుకుని ఉండే మనిషి కాదు. అందుకని బోర్డులు చదవడం నేర్చుకున్నాను. కన్నడం మైసూరు బస్సుల మీద వచ్చింది, తెలుగు చిత్తూరు బస్సుల మీద, అరవం వేలూరు బస్సుల మీద. ఆ తర్వాత పాత రైల్వే టైంటేబిలు ఒకటి చిత్తుకాగితాల్లో దొరికితే, దాన్ని కొందరు భాగవతం చదివినట్టు చదివాను. ఏ బండి ఎక్కడ ఎంతసేపు నిలుస్తుందో, ఏది తప్పిపోతే వెనక ఏది వస్తుందో నాకు కంఠతా ఉండేది. చదువుకున్నవాళ్ళకు అది నవ్వులాటగా ఉంటుంది. ఉండనీ.

మా జట్టులో ఒక కట్టడి ఉంది. దర్శనం అయ్యేదాకా తిరుగు ప్రయాణం మాట ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే కాళ్ళు వెనక్కి లాగుతాయంటారు. అందుకని దారి పొడుగునా ఆ సంగతి గొంతులోనే అణచుకుని, దర్శనం చేసుకుని లడ్లు తీసుకుని, ఒక నీడ చూసుకుని అందరూ నా చుట్టూ కూర్చుంటారు. అప్పుడు ఎవరో ఒకరంటారు: "ఇంగ చెప్పప్పా, ఎట్ల పోదాం?" ఏడాదిలో నన్ను మనుషులు చుట్టుముట్టి కూర్చుని నా నోటి వైపు చూసే పొద్దు అదొక్కటే. దాని కోసమే నేను నడుస్తానని ఎవరైనా అంటే నేను తగువుకు రాను.

ఆ ఏడు షడ్డకుడు మొదటిసారి మాతో వచ్చాడు, భార్యను వెంటబెట్టుకుని. పలమనేరు దగ్గర నా భార్య మోకాలు పట్టేసింది. నేను వేడినీళ్ళ కోసం టీ అంగడి వెతుక్కుంటూ పోయి వచ్చేలోపల అతను తన సంచిలోంచి సాగే పట్టీ తీసి, ఎట్లా చుట్టాలో చెప్పి, ఆమె చెల్లెలి చేత చుట్టించి, ఆమెను లేపి నాలుగడుగులు వేయించాడు కూడా. నేను చెంబుతో నిలబడి ఉన్నాను. ఆమె నవ్వుతోంది.

"ఏం జెప్పినాడు అంత నవ్వడానికి?" అన్నాను.

"ఏం లేదప్పా. మోకాలు కూడా రిటైరయిందంట, పింఛను అడుగుతాండాదంట."

ఆ మాటలో అంత నవ్వేందుకు ఏముందో నాకు ఈనాటికీ తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో నేనూ ఎన్నో మాటలన్నాను. చిత్తూరు వచ్చేదాకా ఆమె వాళ్ళిద్దరితో కలిసి నడిచింది. నేను వెనక నుంచి ఆ ముగ్గురి నీడలు చూస్తూ నడిచాను. అది అసూయే. దానికి వేరే మంచి పేరు పెట్టను.

రాత్రే తలనీలాలిచ్చాం. తెల్లవారకముందే దర్శనం అయింది. అందరం నీడన కూర్చున్నాం. నేను గొంతు సవరించుకున్నాను. ఎప్పుడూ నా పక్కన కూర్చునే జరీ అంగడి సేటు మోకాళ్ళు పట్టుకుంటూ కూర్చుని, నా వైపు చూడకుండా అతని వైపు తిరిగాడు.

"ఏమప్పా ఇంజనీరూ, నీ ఫోన్లో ఏమన్నా ఉండాదా?"

అతను నా వైపు చూశాడు. "అన్న ఎప్పుడూ ప్లాన్ చేస్తాడంట కదా. అన్న చెప్పనీండి."

చెప్పాను. కొండ దిగి తిరుపతిలో బండెక్కి కాట్పాడి దాకా. అక్కడ మారి, జోలార్‌పేట మీదుగా బెంగళూరు. సీటు దొరక్కపోతే రైలు డబ్బాల్లో దేంట్లో చోటుంటుందో కూడా చెప్పాను. నేను మాట్లాడుతున్నంతసేపూ ఒక్కరూ అడ్డం రాలేదు. వినడం వేరు, మర్యాదకు ఊరుకోవడం వేరు. ఆ తేడా నాకు తెలుసు.

"మారేది ఎందుకు సామీ?" అంది ఒక ముసలామె. "లడ్లన్నీ పొడయిపోతాయి."

అప్పుడు అతను మెల్లగా అన్నాడు: "అన్నా, ఒకటి చెప్తా. నాకు తెలిసినోడు ఒకడికి ట్రావెల్స్ ఉండాది. ఒక బస్సు ఈ పొద్దే ఖాళీగా వెనక్కి పోతాండాదంట. ఏసీ. ఇక్కడ ఎక్కితే బెంగళూర్లోనే దిగేది. ఇప్పుడే ఫోన్ చేసి అడిగినా."

ఇప్పుడే. అంటే దర్శనం అయ్యాకే. ఆ కట్టడి కూడా అతను మీరలేదు. నాకు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. జట్టంతా గోవిందా అంది, ముసలామె రెండు చేతులూ ఎత్తి.

"దారిలోనే మా ఇల్లు," అన్నాడు అతను. "అందరూ మా ఇంట్లో వేడివేడి అన్నంతో ఊట చేసుకుని, కాళ్ళు చాపుకుని, ఆమీద పేటకు పోదురు గాని."

అక్కడ దొరికాడు. నేను లేచి నిలబడ్డాను.

"కొండ నుంచి వచ్చేవాళ్ళు నేరుగా సొంత గడపే తొక్కాల. ఇంకొకరి ఇంట్లోకి పోతే కొండ ఫలం ఆ ఇంట్లోనే నిలిచిపోతుంది. ఇది నేను పుట్టించింది కాదు. బ్రూక్‌ఫీల్డ్‌లో తెలీకపోవచ్చు."

నేను చెప్పింది అబద్ధం కాదు. మా పెద్దవాళ్ళు ప్రాణం పోయినా ఈ ఆచారం తప్పలేదు. కానీ ఆ పూట ఆ ఆచారాన్ని నేను పట్టుకున్న తీరు చేతికర్ర పట్టుకున్నట్టుగా లేదు, దుడ్డుకర్ర పట్టుకున్నట్టుగా ఉంది. అందరికీ తెలిసింది. సేటు నవ్వాడు.

"గుండు కొట్టించినా నీ కోపం మాత్రం దిగలేదు గదప్పా!"

షడ్డకుడు నవ్వలేదు. తల వంచుకున్నాడు. నా భార్య మాత్రం నా కళ్ళలోకి చూసింది.

"నా తోడబుట్టిందాని ఇల్లు నాకు పరాయి ఇల్లా?"

"ఆచారం చెప్తాండా."

"ఆచారం కాదు. నీకు కడుపుమంట. నా మోకాలు చూస్తివా? కాట్పాడిలో బండి మారేకి నాచేత కాదు. బస్సులో నాకు సీటుంటే నేను బస్సులో పోతా. నువ్వూ రా."

"నేను రాను."

"అయితే కాట్పాడి మీద పో. బద్రంగా పో."

ఆమె పైకి విసుగ్గానే అంది. కానీ ఆఖరి మాట దగ్గర కొంచెం ఆగింది. ఆ ఆగడం కోసం నేను దిగిరావలసింది. దిగిరాలేదు. సంచి భుజానికేసుకుని మెట్ల వైపు నడిచాను. వెనక నుంచి ఎవరైనా పిలుస్తారని అనుకున్నాను. షడ్డకుడే పిలిచాడు. అందుకే ఆగలేదు.

బండిలో కిటికీ దగ్గర చోటు దొరికింది. నేను చెప్పినట్టే అన్నీ జరిగాయి. కాట్పాడిలో వెంటనే రెండో బండి దొరికింది, నేను చెప్పిన డబ్బాలోనే చోటుంది. చూడ్డానికి మాత్రం ఎవరూ లేరు. ఎదుటి సీట్లో ఒక అరవ కుటుంబం పులిహోర విప్పి నాకూ పెట్టబోయింది. గుండు చూసి గోవిందా అన్నారు. నేనూ గోవిందా అన్నాను, కానీ నా మనసంతా ఆ బస్సులోనే ఉంది. ఆమె పక్కన ఎవరు కూర్చుని ఉంటారు? చెల్లెలే అయి ఉంటుంది. అతను ముందర సీట్లోంచి వెనక్కి తిరిగి ఏదో అంటుంటాడు. ఆమె నవ్వుతుంటుంది. ఈపాటికి పలమనేరు దాటుంటారు. ఈపాటికి ఆ ఇంట్లో, చల్లని గచ్చు మీద, విస్తళ్ళ ముందు. నా భార్య నేను లేకుండా ఆ గడప దాటి ఉంటుంది. కుప్పం వచ్చింది, బంగారుపేట వచ్చింది. ఒకప్పుడు ఆ పేర్లు చదవడం నేర్చుకున్నందుకు పొంగిపోయినవాణ్ణి. ఆనాడు ఒక్క బోర్డూ చదవబుద్ధి కాలేదు.

సిటీ స్టేషన్లో దిగి ఆటోలో నగర్తపేటకు వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. మా సందులోకి వచ్చి తాళంచెవి తీసి తలుపు ముందు నిలబడ్డాను. అక్కడ ఆగిపోయాను.

ఆలుమగలు కలిసి కొండకు పోతే కలిసే లోపలికి రావాలి. ఇద్దరూ కుడికాలు పెట్టాలి. మా అమ్మా నాయనా అట్లాగే వచ్చేవారు. మా నాయన ఒకసారి జ్వరంతో దారిలో ఆగిపోతే, ముందు వచ్చిన మా అమ్మను, ఆయన్ను తెచ్చుకునేదాకా నా మేనత్త గడప దాటనియ్యలేదు. కొండ మీద అందరికీ ఆచారం చెప్పి వచ్చినవాణ్ణి, ఇక్కడ ఒంటరిగా గడప ఎట్లా దాటను? తాళంచెవి జేబులో వేసుకుని మెట్టు మీద కూర్చున్నాను.

ఎదురుగా పూలమ్మే ఆమె చూసింది.

"ఏమప్పా, అక్క యాడ?"

"వస్తాండాది."

"మరి నువ్వు బయటే ఉండావే? బీగంచెవి పోయిందా?"

"పోలేదు."

"కొట్లాడినారా?"

"పూలు కట్టుకోమ్మా నువ్వు."

ఆమె నవ్వుకుంటూ పూలు కట్టుకుంది. సందులో బండ్లు తోసుకుపోయేవాళ్ళు నా కాళ్ళు తప్పించుకుని పోతున్నారు. ఎండ గోడ పైకి ఎక్కిపోయింది. ఆ మెట్టు మీద కూర్చుని నేను కోరుకున్నది ఒకటే: అతని బస్సు ఎక్కడైనా నిలిచిపోయి ఉండాలి. మరుక్షణం అందులో నా భార్య ఉందని గుర్తొచ్చి, ఆ కోరిక వెనక్కి తీసుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు వాళ్ళు వచ్చారు. పెద్ద బస్సు మా సందుల్లోకి రాదు గనక మెయిన్ రోడ్డు నుంచి నడిచి వచ్చారు. ముందు నా భార్య, చెల్లెలి భుజం పట్టుకుని. వెనక అతను, రెండు చేతుల్లో మా సంచులతో. ఆమె మెట్టు మీద నన్ను చూసి ఆగిపోయింది.

"లోపలికి పోలేదా?"

"ఒక్కణ్ణే ఎట్ల పోయేది?"

ఆమె చెల్లెలి భుజం వదిలి గోడ పట్టుకుంది. నేనే అడిగాను, గొంతులో పులుపు దాచుకోలేక: "ఊట బాగుండిందా?"

"యాడ ఊట! వాళ్ళింటి ముందర బస్సు నిలబెట్టి, అన్నం గిన్నెలన్నీ బస్సులోకే తెప్పించినాడు. ఒక్కర్నీ కిందికి దిగనీలే. అన్న చెప్పినాడు, గడప తొక్కకూడదు అన్నాడు."

అతను సంచులు కింద పెట్టాడు. "అన్నా, అందరినీ వాళ్ళవాళ్ళ సందుల కాడ వదిలిపెట్టేసినా. లాస్ట్ మీరే. మేము కూడా ఇంకా ఇంటికి పోలేదు."

ఎగతాళి చేసి ఉంటే ఎంత బాగుండేది. నా మాట మీరి అందరినీ ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే నా కోపానికి ఒక నీడ దొరికేది. నా మాటను నాకంటే శ్రద్ధగా పాటించాడు. సొంత ఇంటి ముందర నిలబడి, కాళ్ళు లాగుతుండగా లోపలికి పోకుండా, పేట దాకా వచ్చాడు. నేను దుడ్డుకర్రగా తిప్పినదాన్ని అతను దేవుడి పల్లకీలా మోసుకొచ్చాడు. అసూయ తగ్గలేదు. అక్కడ నిలబడి ఉండగానే ఇంకా పెరిగింది.

తలుపు తీశాను. ఆమె నా మోచేయి పట్టుకుంది. ఇద్దరం కుడికాలు పెట్టాం. మోకాలు లేవక ఆమె బరువంతా నా మీద వేసింది. ఆ బరువు నాకు హాయిగా అనిపించింది.

వాళ్ళిద్దరూ వీధిలోనే నిలబడ్డారు. లోపలికి రమ్మనడానికి వీల్లేదు, నా ఆచారమే అడ్డం. చెంబుతో నీళ్ళు తీసుకుని నేనే బయటికి వచ్చాను. మరదలు తాగింది, అతను తాగాడు.

"వచ్చే ఏడు మీ రూట్లోనే పోదామన్నా," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "నాకూ ఆ బండ్లు మారేది అంతా చూడాలని ఉండాది."

ఆ మాట కోసమే కొండ మీద నేను ఎదురు చూసింది. ఇప్పుడు అతను దాన్ని తీసి నా చేతిలో పెడుతున్నాడు. లోపల నా భార్య గోడ పట్టుకుని వంటింటి వైపు ఒక్కొక్క అడుగే వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"వద్దులే," అన్నాను. "బస్సే పెట్టు. కానీ ముందే చెప్తాండా, మీ వదిన పక్క సీటు నాది. ఇంకెవురూ కూచోకూడదు, దాని చెల్లెలు కూడా."

"సరే అన్నా."

"వెనక్కి తిరిగి జోకులు చెప్పేది కూడా వద్దు."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ మాట నేను నిజంగానే అన్నాను.