అవతలి రాష్ట్రానికి కట్టిన పన్ను

మా ఆయన తొమ్మిదేళ్లు ఇంకొకరి కారు నడిపాడు. చిత్తూరులో ఒక బెల్లం మండీ యజమాని దగ్గర డ్రైవరు. పదో ఏడు, ఆయన కూడబెట్టిన దానికి నా కమ్మలు, మా అమ్మ పెట్టిన గొలుసు అమ్మగా వచ్చింది కలిపి సొంతానికి ఒక పాత కారు కొన్నాము. తిరుపతికి, కాణిపాకానికి జనాన్ని బాడుగకు తిప్పుకుంటే ఒకరి కింద ఉండకుండా బతకొచ్చని మా ఆశ. డెబ్బయ్యో దశకం చివరి మాట ఇది.

కారు కొన్నది సరిహద్దు అవతల, అరవం మాట్లాడే రాష్ట్రంలో, చిత్తూరు నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక ఊళ్లో. అమ్మినాయనకు అక్కడ సైకిళ్ల అంగడి. బండిని మన రాష్ట్రానికి మార్చుకోవాలంటే, తమకు అభ్యంతరం లేదని ఆ రాష్ట్రం వాళ్లు కాగితం ఇవ్వాలి. ముందు ఏడాది పన్ను మొత్తం కట్టండి, అప్పుడే కాగితం అన్నారు అక్కడి ఆఫీసులో. ఇక మీ రోడ్డు మీద తిరగని బండికి పన్నెందుకని మా ఆయన అడిగాడు. రూలు అన్నారు. చేతిలో మిగిలిందంతా కట్టేసి కారు తోలుకొచ్చాడు. రశీదు మాత్రం పాత ఓనరు పేరు మీదే వచ్చింది. దాన్ని మేము పట్టించుకోలేదు.

పద్దెనిమిదో రోజు బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి ఆపాడు. లోపల తిరుపతికి పోతున్న పెళ్లివాళ్లు ఉన్నారు. రశీదు చూపిస్తే, ఇది వాళ్లకు కట్టిన పన్ను, ఈ రోడ్డు మీద తిరిగే బండికి మనకు కట్టాలి అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పెళ్లివాళ్లను దారిలో దించేసి, కారును ఆఫీసు ఆవరణలో పెట్టించి తాళాలు తీసుకున్నారు.

మళ్లీ కట్టడానికి మా దగ్గర ఏమీ లేదు. కట్టింది వాపసు వస్తే ఇక్కడ కట్టొచ్చని అవతలి ఆఫీసుకు పోయాము. నేను పుట్టింది గుడియాత్తం పక్కన, అరవం రాయడం వచ్చు కాబట్టి అర్జీ నేనే రాశాను. అక్కడి గుమస్తా చదివి, బండి మీ రాష్ట్రంలో ఉందని రుజువేది, అక్కడ పన్ను కట్టిన రశీదు తెండి అన్నాడు. చిత్తూరికి వచ్చి అడిగితే, కట్టనిదే రశీదు ఎట్లా ఇస్తామన్నారు. అక్కడి డబ్బు వస్తే తప్ప ఇక్కడ కట్టలేము. ఇక్కడ కడితే తప్ప అక్కడి డబ్బు రాదు.

ఆరు నెలలు ఆ రెండూళ్ల మధ్య తిరిగాను, పసిబిడ్డను చంకనేసుకుని. ఒకసారి గుమస్తా సెలవు, ఒకసారి పై ఆఫీసరు క్యాంపు, ఒకసారి అర్జీ ఏ ఫైల్లో పోయిందో తెలియక మళ్లీ రాయమన్నారు. ఒకరోజు తిరుగు చార్జీకి చాలక సరిహద్దు దాకా టికెట్టు తీసుకుని, అక్కడినుంచి ఎండలో నడిచాను. బిడ్డకు ఇంటికొచ్చేసరికి జ్వరం.

మా ఆయన పాత ఉద్యోగం అప్పటికే వేరేవాళ్లకు పోయింది. మండీలో బస్తాలు మోశాడు. తెల్లారగానే పోయి ఆఫీసు గోడ పక్కన నిలబడి కారు చూసి వచ్చేవాడు. చక్రాల్లో గాలి పోయింది, బ్యాటరీ ఎవరో ఊడదీసుకుపోయారు. ఆ తరువాత చూడటానికి పోవడం మానేశాడు, నాతో మాట్లాడటం కూడా.

ఒక పొద్దున గోడకేసి చూస్తూ అన్నాడు: "నేను లేకుంటే మీ అమ్మోళ్లు నిన్నూ బిడ్డనూ తీసుకోని పోతారు గదా."

ఆయన పనికి పోయాక దూలానికి కట్టిన ఉయ్యాల తాడు విప్పి పక్కింట్లో దాచాను. బిడ్డనక్కడే వదిలి, చిత్తూరు ఆఫీసుకు పోయి, ఇంకోసారి కారు వదలమని అడిగాను. కాదన్నారు. లేచి పోయే శక్తి లేక వరండాలోనే కూలబడ్డాను.

అక్కడ నీళ్లు పోసే ముసలి బంట్రోతు ఒకాయన ఉండేవాడు. ఆరు నెలలుగా నన్ను చూస్తున్నాడు. గ్లాసు అందించి, గొంతు తగ్గించి చెప్పినాడు: "కారు ఇడవమని అడగబాకమ్మా. కారు ఈడ ఉండాదని రాసి ఇమ్మని అడుగు. అది ఇచ్చేదానికి వాళ్లకేం నొప్పి?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తరువాత తట్టింది. బండి మన రాష్ట్రంలో ఉందనడానికి, బండిని పట్టుకున్నవాళ్ల మాట కంటే వేరే రుజువేం కావాలి? లోపలికి పోయి అదే అడిగాను. ఆఫీసరు ఫలానా తేదీ నుంచి ఈ బండి మా స్వాధీనంలో ఉన్నదని టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర వేయించాడు.

అవతలి గుమస్తా ఆ కాగితం రెండుసార్లు చదివాడు. సరే, వాపసు వస్తుంది, కానీ రశీదు ఎవరి పేరున ఉంటే వాళ్లకే అన్నాడు. నేను సైకిళ్ల అంగడికి ఎట్లా నడిచానో నాకే తెలియదు. అమ్మేసిన బండితో ఆయనకేం పని? డబ్బు తీసుకుని నాకు ఇవ్వనంటే నేను ఎవరితో చెప్పుకోవాలి?

ఆయన చేతుల మసి తుడుచుకుని అర్జీ మీద సంతకం పెట్టాడు. ఇంకో నాలుగు నెలలకు ట్రెజరీలో బిల్లు పాసైనప్పుడు ఉత్తరం రాసి నన్ను పిలిపించి, నా ఎదురుగానే డబ్బు తీసుకుని నా చేతిలో పెట్టాడు. "ఇది నాది కాదమ్మా. నా పేరు మాత్రం ఉండె," అన్నాడు, వచ్చీరాని తెలుగులో.

రూలు ప్రకారం మొదటి మూడు నెలల పన్ను పట్టుకుని మిగతాది ఇచ్చారు. చిత్తూరులో పన్నుకు అది సరిపోయింది, ఆలస్యానికి వేసిన జరిమానాకు చాలలేదు. దానికి బెల్లం మండీ యజమాని దగ్గర అప్పు చేసి కారు విడిపించుకున్నాము. ఆ అప్పు తీరేదాకా, ఆరు నెలలు, పొద్దునపూట యజమాని కారు, మధ్యాహ్నం నుంచి మా కారు నడిపాడు మా ఆయన.

ఆ తరువాత చాలా ఏళ్లు బాడుగలు తిప్పాడు. ఆ ఏడాది సంగతి ఎవరైనా అడిగితే, ఆమెనడగండి అని నా వైపు చూపించేవాడు. నాకూ చెప్పబుద్ధయ్యేది కాదు. తాడు సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. ఉయ్యాల ఏదని ఆయనా అడగలేదు.