రోడ్డు దాకా ఆగని కబురు

2020 మార్చి నాటికి నేను డబ్లిన్ దక్షిణ శివారు చెర్రీవుడ్‌లో, ఒక చిన్న ట్రెక్కింగ్ సంస్థలో ఆపరేషన్స్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. వీపున సంచీ వేసుకుని వర్షారణ్యాల్లో నడవాలని సరదాపడే ఐరిష్ వాళ్ళను బోర్నియోకూ అమెజాన్‌కూ పంపడం మా వ్యాపారం. హోదాలో నా పైన డైరెక్టర్ ఫియోనా, కింద ఇద్దరు ఎగ్జిక్యూటివ్‌లు. పర్మిట్లు, పడవలు, కూలీలు, పాముకాటు మందు ఏ ఊరి ఆస్పత్రిలో దొరుకుతుందన్న వివరం, అన్నీ నా బల్ల మీదే తేలాలి. ఇంతా చేసి, ఆ అడవుల్లో ఒక్కదానిలోనూ నేను అడుగు పెట్టి ఎరగను. నవ్వితే నవ్వండి. పెళ్ళి భోజనాలు వండినవాడు చివరికి మజ్జిగన్నంతో సరిపెట్టుకోవడం మనం చూడని సంగతా?

వెళ్ళాలని లేక కాదు. ఏటా సెలవులన్నీ గుంటూరు ప్రయాణానికే అయిపోయేవి. మిగిలిన రెండు మూడు రోజులు మా ఆయన ప్రభాకర్ డ్యూటీలకు సర్దుకోవడంలో పోయేవి. ఆయన డబ్లిన్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. కానీ నాకు ఆ బోర్నియో అడవంటే పిచ్చి. మ్యాపులో ఏ వాగు ఎక్కడ మలుపు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ వాగు చప్పుడు ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. చివరికి ఆ ఏడు ఏప్రిల్‌లో నా వంతు వచ్చింది. అమ్మేవాళ్ళు తామమ్మే దారిని ఒకసారైనా నడిచి చూడాలని సంస్థ ఖర్చుతో పంపుతారు. మా భాషలో దాన్ని ఫామ్ ట్రిప్ అంటారు. బూట్లు కొన్నాను, జలగలు ఎక్కకుండా మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళు కొన్నాను, అరవై లీటర్ల బ్యాక్‌ప్యాక్ కొన్నాను. ఇంతలో కరోనా వచ్చి పడింది.

ఆఫీసు మూసేశారు. ఇంటికి రెండు కిలోమీటర్లు దాటి వ్యాయామానికి కూడా వెళ్ళకూడదన్నారు. ప్రభాకర్ ఒక గదిలో విడిగా ఉంటూ డ్యూటీకి వెళ్ళొచ్చేవాడు. వంటింటి బల్లే నా ఆఫీసు. ఉక్రోషం ఆపుకోలేక బ్యాగులో బియ్యం సంచులు నింపి వీపున వేసుకుని మా అపార్ట్‌మెంట్ల చుట్టూ ఏటవాలు దారుల్లో నడిచేదాన్ని. ఒకరోజు గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారాపి ఎక్కడికమ్మా ఇంత బరువుతో అని అడిగారు. బోర్నియోకి ప్రాక్టీసు అన్నాను. కుర్ర గార్డు నవ్వాపుకుని, “అయితే ఇంకా చాలా టైం పడుతుందిలెండి” అన్నాడు. పదిహేనేళ్ళ మా కీర్తన ఆ మాట విని పడీపడీ నవ్వింది. “యూ ఆర్ గ్రాండ్, మామ్. అట్ లీస్ట్ ద రైస్ ఈజ్ గెటింగ్ సమ్ ఎయిర్” అంది. తెలుగులో తిడితే దానికంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలోనే వస్తుంది.

నా యాత్ర రద్దయింది గానీ, అంతకుముందే బయలుదేరిన బృందం ఒకటి బోర్నియో అడవిలో ఉండిపోయింది. ఆరుగురు నడిచేవాళ్ళు, వాళ్ళకు గైడ్ జస్టిన్, ఇద్దరు కూలీలు. వాళ్ళు నది ఒడ్డున మకాం చేరేసరికి బయట రోడ్లు మూసేశారు, విమానాలు ఆగిపోయాయి. మకాం నుంచి రోడ్డుకు రెండు రోజుల నడక. రోడ్డు చేరినా ముందుకు పోనివ్వరు. ఉన్నచోటే ఉండమని అక్కడి అధికారులు చెప్పారు. కింది ఊరి నుంచి పడవ మీద బియ్యం, ఎండుచేపలు వస్తున్నాయి కాబట్టి తిండికి లోటు లేదు గానీ, ఆ పడవకు మనుషుల్ని ఎక్కించుకునే అనుమతి లేదు. ఎప్పుడు బయటపడతారో మాత్రం ఎవరికీ తెలియదు.

రోజూ వాళ్ళకు సాయంత్రం ఆరింటికి, డబ్లిన్‌లో మాకు ఉదయం పదకొండింటికి, శాటిలైట్ ఫోన్‌లో నివేదిక రావాలి. చెట్ల కింద ఆ ఫోన్ పనిచేయదు, ఆకాశం కనబడాలి. అందుకే జస్టిన్ నది ఒడ్డున ఇసుక మేటకు వచ్చి మాట్లాడేవాడు. వానల్లో సోలార్ ఛార్జర్ సరిగా పనిచేయదు కాబట్టి మాట పొదుపు. నివేదికకు ఒక వరస ఉంది: ముందు మనుషులు, తర్వాత పాదాల పుండ్లు, నీళ్ళు, తిండి, వాన, చివర జంతువులు. జంతువుల సంగతి ప్రమాదముందేమో తెలుసుకోవడానికే అడుగుతాం. ఏనుగులు మకాం దగ్గరికొచ్చాయా, మొసలి కనబడిందా అని. కానీ ఆ రోజుల్లో నేను ఆ ఒక్కదాని దగ్గర కాస్త ఆగేదాన్ని. చెప్పు జస్టిన్, ఇంకేం కనిపించాయి అని అడిగేదాన్ని. ముక్కు మీద ఇంకో ముక్కు అతికించినట్టుండే హార్న్‌బిల్ పక్షుల జంట రెక్కల చప్పుడు, పొద్దున్నే గిబ్బన్ కోతులు ఒకదానికొకటి జవాబిచ్చే కూతలు, ఆకు మీద లేచి నిలబడి మనిషి వాసన కోసం ఊగే జలగలు. వింటుంటే నా ప్రాణం అక్కడికి లాగేసేది. కిటికీలోంచి చూస్తే ఖాళీగా పోతున్న లువాస్ ట్రామ్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

బృందంలో డెక్లన్ అనే యాభై ఏళ్ళ బడిపంతులు ఉండేవాడు. ఐర్లండ్‌లోనే డండాక్ అనే ఊరి మనిషి, పెళ్ళి చేసుకోలేదు. నా ఆరాటం కనిపెట్టాడేమో, జస్టిన్ నివేదిక ముగియగానే ఫోనందుకుని ఒక్క నిమిషం ఆ రోజు చూసినదేదో చెప్పేవాడు. బదులుగా డండాక్‌లో వానా, ఎండా అని అడిగేవాడు. వాళ్ళమ్మ అక్కడ ఒక నర్సింగ్ హోంలో ఉంది. “మీకేమో అడవి కావాలి, నాకేమో మా వీధి కావాలి. దేవుడు టికెట్లు తారుమారు చేశాడు” అన్నాడొకసారి.

ఏప్రిల్‌లో ఒక ఉదయం డెక్లన్ చెల్లెలు మేవ్ ఫోన్ చేసింది. వాళ్ళమ్మ ఆ తెల్లవారుజామున కరోనాతో పోయింది. ఎల్లుండి పదకొండింటికి చర్చిలో అంత్యక్రియల పూజ, పదిమందికే అనుమతి. “అన్నయ్యకు చెప్పండి. పూడ్చేశాక తెలిస్తే తట్టుకోలేడు” అని ఏడ్చింది.

మా సంస్థలో దీనికొక నియమం ఉంది. అడవిలో ఉన్నవాడికి ఇంటి చెడు కబురు చెప్పకూడదు, రోడ్డు చేరేదాకా ఆపాలి. వినడానికి రాతిగుండె నియమంలా ఉంటుంది గానీ కారణముంది. కబురు విన్నవాడు పరధ్యానంగా నడుస్తాడు, వాగు దాటేటప్పుడు జారతాడు, లేదా ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా బయలుదేరతాడు. మినహాయింపు ఇవ్వాలంటే డైరెక్టరే ఇవ్వాలి. ఫియోనాకు వీడియో కాల్ చేశాను. ఆ నియమం రాసింది ఆవిడే. తను గైడ్‌గా ఉన్న రోజుల్లో కబురు చెప్పి ఒక మనిషిని పోగొట్టుకున్నంత పని అయిందట. వద్దని గట్టిగా అంది. నాకు ఒళ్ళు మండింది. “రోడ్డు దాకా ఆపమన్నారు, బాగుంది. రోడ్డుకు తేదీ ఏది? నెలంతా అతను రోజూ నన్ను డండాక్‌లో వానా ఎండా అని అడుగుతాడు. ఏం చెప్పను?” అన్నాను. ఆ తేదీ ఆవిడ దగ్గరా లేదు. చివరికి, ముందు జస్టిన్‌కు చెప్పు, డెక్లన్ కూర్చుని ఉండాలి, రాత్రి పక్కన మనిషి ఉండాలి అని మూడు షరతులు పెట్టి ఒప్పుకుంది.

ఆ పూట జస్టిన్‌కు ముందు చెప్పి, డెక్లన్‌ను ఇసుక మీద కూర్చోబెట్టమన్నాను. డెక్లన్ ఫోనందుకోవడమే సంబరంగా అందుకున్నాడు. ఒరాంగుటాన్ తల్లిని చూశారట. పిల్లను కడుపుకు హత్తుకుని, కొమ్మ వంచి ఇంకో చెట్టుకు వంతెనలా పట్టుకుందట. మధ్యలో ఆపలేదు. చెప్పనిచ్చాను. అయ్యాక, “డెక్లన్, మీ అమ్మగారు ఈ తెల్లవారుజామున పోయారు. మేవ్ చెప్పింది. నాకు చాలా బాధగా ఉంది” అన్నాను.  రోడ్డు ఎంత దూరం అని మాత్రం అడిగాడు.

మర్నాడు జస్టిన్ నివేదికలో మొదటి మాటే డెక్లన్ గురించి. డెక్లన్ సంచీ సర్దుకున్నాడు, అన్నం ముట్టలేదు, వాన తగ్గితే బయలుదేరతానంటున్నాడు. వాగులు పొంగి ఉన్నాయి. వెళ్తే మనిషి దక్కడు. ఫియోనా భయపడ్డది ఇదే, తెచ్చిపెట్టింది నేను. ఫోన్ డెక్లన్‌కు ఇమ్మన్నాను. నచ్చజెప్పబోతే వినడని తెలుసు. చర్చిలో కెమెరా ఉంది, పూజ కంప్యూటర్‌లో వస్తుంది, రేపు మీరు ఫోన్ దగ్గరుంటే నేను చూసింది చూసినట్టు చెబుతాను, దారిలో చెట్ల కింద ఉంటే అదీ ఉండదు అన్నాను. రోడ్డెక్కినా ఎవరూ కదలనివ్వరని కూడా దాచకుండా చెప్పాను. ఆలోచిస్తానన్నాడు. ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు. కీర్తన తనే టీ పెట్టి తెచ్చి, “హీ విల్ స్టే, మామ్” అని నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది.

మూడోనాడు పదకొండింటికి ఫోన్ మోగింది. డెక్లనే. బయలుదేరలేదు. బ్యాటరీ సగం కూడా లేదన్నాడు. కంప్యూటర్‌లో చర్చి కనబడుతోంది. చెప్పడం మొదలుపెట్టాను. శవపెట్టె లోపలికి వస్తోంది, నలుగురు మోస్తున్నారు, మాస్కులున్నాయి. మేవ్ ముందు బెంచీలో ఎడమ చివర, నీలం కోటు. రెండో బెంచీలో తెల్లజుట్టు మనిషి ఒక్కడే. “మా బాబాయి” అన్నాడు. పెట్టె మీద పసుపుపచ్చ డాఫడిల్ పూలు. “అవి మా పెరట్లోవి” అన్నాడు. బయట వీధి పొడవునా ఇరుగుపొరుగు ఎడంగా నిలబడ్డారని మేవ్ పొద్దున్నే మెసేజ్ పెట్టింది, అదీ చెప్పాను. అంతలో అతని వెనక నుంచి రంపం కోతలాంటి చప్పుడు లేచింది. సరిగ్గా పొద్దుగూకేవేళ అరిచే కీచురాయి ఒకటుంది ఆ అడవిలో. నేను ఏళ్ళ తరబడి కాగితాల్లో చదివిన అరుపు అది. రోజూ అది మొదలవకముందే మా నివేదిక ముగిసిపోయేది. వినాలని ఎంత కోరుకున్నానో! చెవిలో ఆ అడవి, ఎదురుగా ఆ పెట్టె. నా కన్నీళ్ళు ఆగలేదు.

ప్రభువు ప్రార్థన మొదలయ్యాక మీరూ చెప్పండి అన్నాడు. నేను ఇంగ్లీషులో ఎన్నిసార్లు చెప్పానో, ఆ క్షణంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. చిన్నప్పుడు గుంటూరు చర్చిలో నేర్చుకున్నట్టు తెలుగులోనే చెప్పాను. అతను చివరిదాకా విని ఆమెన్ అన్నాడు. పెట్టె మళ్ళీ ఎత్తుతున్నారని చెబుతుండగా బ్యాటరీ అయిపోయి ఫోన్ తెగిపోయింది. ఆ సాయంత్రం అతను సంచీ విప్పి బట్టలు ఆరేశాడని తర్వాతి నివేదికలో జస్టిన్ చెప్పాడు.

మేలో వాళ్ళంతా క్షేమంగా తిరిగొచ్చారు. నేను రిటైరయ్యాను గానీ ఆ అడవికి వెళ్ళనేలేదు. మళ్ళీ దారులు తెరిచేసరికి నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇప్పటికీ పొద్దుగూకేవేళ ఆ కీచురాయి కోసం చెవి వెతుకుతుంది. ఆ కోరిక తీరలేదు, తీరదు కూడా.

పని విషయంలో ఆ ఉదంతం నాకు రెండు నేర్పింది. మొదటిది, ఫియోనా, నేనూ కలిసి నియమం మార్చాం: బయటపడే తేదీ తెలిస్తేనే కబురు ఆపాలి, తెలియకపోతే ఆ రోజే చెప్పాలి. రెండోది డెక్లన్ వల్ల తెలిసింది. ఆ శరదృతువులో ఫోన్ చేసి, నేను చెప్పినవన్నీ వరసగా అప్పజెప్పాడు: నీలం కోటు, తెల్లజుట్టు, పూలు. ధైర్యం చెప్పడానికి నేనన్న మాటల్లో ఒక్కటీ అతనికి గుర్తులేదు. చివర్లో, అడగడం మరిచిపోయానంటూ పెట్టె ఏ రంగుదని అడిగాడు. లేత ఓక్ రంగు, ఇత్తడి పిడులు అని చెప్పాను. “థాంక్స్. ఇప్పుడు మొత్తం కనబడుతోంది” అన్నాడు.