నేను మాఫ్ చేసిన దొంగతనం

ముప్పై ఏళ్లకు పైగా ఒక దొంగతనాన్ని మోస్తున్నాను. నేను చేసింది కాదు. మరెవరో చేసిందీ కాదు. అది అసలు జరగనే లేదు. నా బరువంతా అదే.

ఇది రాయడానికి కూర్చునే ముందు తలుపు గడియ వేసి, వేశానో లేదో అని మళ్లీ వెళ్లి చూసి వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన మనిషైతే ఇది చదివి ఎవరి చెవిన వేస్తాడో అని ముందు మిమ్మల్నే అనుమానించేవాణ్ణి. నా గుణం అది. చిన్నప్పటి నుంచీ ఉన్నదే అయినా, దాని వల్ల ఒక ఇల్లు రెండు ముక్కలైందన్న సంగతి మాత్రం నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న కొన్న మోపెడ్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. పెడల్ తొక్కి స్టార్ట్ చేసే పాత రకం. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. టైర్లు దొరకవు, దొరికినవి సరిపోవు. వానాకాలంలో ప్లగ్గు విప్పి తుడిచి పెడితే తప్ప మాట వినదు. పురానాపూల్ దగ్గర మా గల్లీలోంచి దాన్ని బయటికి తీస్తే చాలు, జనం జేబుల్లోంచి ఫోన్లు తీస్తారు. ఆదివారం పూట పాత బండ్ల పిచ్చి ఉన్న పిల్లలు వస్తారు. "ఎట్ల కాపాడినవ్ బాపూ" అని అడుగుతారు. వాళ్లు ఫోటోలు తీసుకుంటున్నంత సేపూ నేను సీటు మీద చెయ్యి తీయను. ఒకడు మాటల్లో పెడితే ఇంకొకడు ఏ స్క్రూ విప్పుతాడో ఎవరికి తెలుసు?

వాళ్లకు ఒక కథ కూడా చెబుతాను. మెకానిక్కు ఇచ్చిన బండిని కళ్లలో ఒత్తులు వేసుకొని చూసుకోవాలని, నా ఒరిజినల్ కార్బురేటర్ ఒకసారి అట్లాగే మారిపోయిందని, నేను పెట్టుకున్న గుర్తు వల్ల దొంగ దొరికాడని. పిల్లలు నోళ్లు తెరుచుకొని వింటారు. అది అబద్ధం. చెప్పేటప్పుడు నా గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు.

నేను కరెంటాఫీసులో పని చేశాను. ఇల్లిల్లూ తిరిగి మీటర్ల సీళ్లు చూడటం నా పని. సీలు తెగితే ఆ ఇంటివాళ్లు కరెంటు దొంగలు. ఎలుక కొరికిందన్నా, పిల్లలు లాగారన్నా మేం వినేవాళ్లం కాదు. సీలు పోయిందంటే చాలు, లోపల చూడాల్సిన అవసరం లేదు. ఉద్యోగం నేర్పిన ఆ బుద్ధిని ఇంటికీ తెచ్చుకున్నాను. మోపెడ్ మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడల్లా ముందుగా మా ఆవిడ గోళ్ల రంగు తీసుకొని ఇంజన్ మీద, కార్బురేటర్ మీద, హెడ్‌లైటు వెనకాల చిన్న చుక్కలు పెట్టేవాణ్ణి. తిరిగొచ్చాక చుక్కలన్నీ ఉన్నాయో లేదో చూసుకునేవాణ్ణి. గల్లీలో నన్ను చూసి మరి నలుగురైదుగురు కూడా మొదలుపెట్టారు. నా తెలివికి నాకే ముచ్చటేసేది.

మెకానిక్ పేరు యాదగిరి. పురానాపూల్ దిగువన రేకుల షెడ్డు. తమ్ముడు నర్సింగ్ కూడా అందులోనే పని చేసేవాడు. యాదగిరి సత్యహరిశ్చంద్రుడేమీ కాదు. రేపు ఇస్తానన్న బండిని వారానికి ఇచ్చేవాడు, అడిగితే లొల్లి పెట్టుకునేవాడు. కానీ మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఆ బండి విప్పింది, బిగించింది అతనే.

ఒకసారి బండి ఎత్తు మీద ఆగిపోతోందని ఇచ్చాను. సాయంత్రం తెచ్చుకోవడానికి వెళ్లి వంగి చూశాను. కార్బురేటర్ తళతళలాడుతోంది. ఎర్ర చుక్క లేదు. నా ఒళ్లు చల్లబడింది. నిజం చెప్పాలంటే ఆ చల్లదనంలో కొంచెం సంతోషం కూడా ఉంది. ఇన్నేళ్లు కాపు కాసినందుకు చివరికి ఒకడు చిక్కాడు కదా అని. షెడ్డు ముందు టీ తాగుతున్న వాళ్లందరికీ వినపడేలా, మార్చేశావు, ఒరిజినల్ ఎక్కడ అమ్మావు అని నిలదీశాను. యాదగిరి వాళ్లమ్మ మీద ఒట్టు పెట్టాడు. మస్తు జామ్ అయిందని థిన్నర్‌లో నానబెట్టి కడిగానన్నాడు. ఆ థిన్నర్ మాట నా చెవుల్లో పడింది. పడి ఏం లాభం, నేను వింటున్నది అతని గొంతులో వణుకును మాత్రమే. దొంగ కాబట్టే వణుకుతున్నాడనుకున్నాను.

నన్ను అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? సీళ్లు చూసే మనిషిని. గుర్తు పెట్టుకున్న మనిషిని. నెల తిరగకముందే ఆ షెడ్డు ముందు బండ్లు పలచబడ్డాయి. నేను ఆ కార్బురేటర్ విప్పించి, సాక్ష్యంగా ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి అటక మీదకు ఎక్కించాను. బండికి బజారులో దొరికిన కొత్తది బిగించుకున్నాను. దానితో బండి ఎప్పుడూ సరిగ్గా నడవలేదు. నడవనప్పుడల్లా యాదగిరిని తిట్టుకునేవాణ్ణి.

ఏడాది తర్వాత అనుకుంటాను, ఒక మధ్యాహ్నం బజారు కార్బురేటర్‌లో చిన్న స్క్రూ అరిగిపోయింది. డబ్బాలోని దానికి అట్లాంటి స్క్రూ ఉంటుందేమోనని దించాను. మొదటిసారి దాన్ని విప్పాను. అడుగున పెట్రోల్ నిలిచే చిన్న కప్పు ఉంటుంది. దాని లోపల ఏడాదిగా ఆరి పేరుకున్న ఆయిల్ మడ్డిని బొటనవేలితో తుడిచాను. మూడు చుక్కలు, కింద ఒక గీత.

మా నాన్న గుర్తు అది. మా ఇంట్లో చెంబు అడుగున, గొడుగు పిడి మీద, పటకారు మీద, ఆఖరికి ఉప్పు డబ్బా మీద కూడా ఆ గుర్తే ఉంటుంది. మేకు మొనతో గీకేవాడు. కార్బురేటర్ లోపల కూడా గీకాడని నాకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. కొడుకునైనా నమ్మని మనిషి మరి. యాదగిరి నాకు తిరిగిచ్చింది మా నాన్న కార్బురేటరే. మారలేదు. గోళ్ల రంగు థిన్నర్‌లో కరిగిపోయింది, అంతే. ఏ ఆడపిల్లనడిగినా చెప్పే సంగతి అది. నేను అడగలేదు.

ఆ రోజే వెళ్లి చెప్పి ఉంటే? చెప్పలేదు. రేపు పోదాం అనుకున్నాను. షెడ్డు దగ్గర జనం ఉంటారు, పలచగా ఉన్నప్పుడు పోదాం అనుకున్నాను. పలచగానే ఉంటున్నారని, దానికి కారణం నేనేనని తెలిసి కూడా అట్లా అనుకున్నాను. ఒక్క మాట అంటే పోయేది నా పరువు. అతనిది ఎటూ పోయింది కదా, మళ్లీ రెండో మనిషిది కూడా పోవడమెందుకు అని కూడా ఒక లెక్క వేశాను. ఇట్లాంటి లెక్కలు నాకు ఎంత చక్కగా వస్తాయో.

అప్పుడు యాదగిరే మా ఇంటికి వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన పొట్లం. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మాఫ్ చెయ్యి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏందిది యాదగిరీ?"

"నేనైతే తియ్యలే. గది నాకెర్కనే. థిన్నర్‌ల నానవెట్టి నేను బయటికి వోయినప్పుడు మార్చిండు గావచ్చు. షెడ్డుల ఉండేది ఇద్దరమే. నేను కాకుంటే మా నర్సింగే గద."

"ఒప్పుకున్నడా?"

"ఒప్పుకోలే. ఏడ్శిండు. ఒట్లు వెట్టిండు. గని నువ్వు గుర్తు వెట్టుకున్నవ్, నీది తప్పెట్లయితది? ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన వాణ్ణి." పొట్లం విప్పి నా చేతిలో పెట్టాడు. అదే రకం ఒరిజినల్ కార్బురేటర్, ఇంకేదో పాత బండిది. "గురువారం గురువారం జుమ్మేరాత్ బజార్ల పాత సామాన్లంత ఎతుక్కుంట తిరిగిన దీనికోసం. గిది వెట్టుకో. మా మీద మనసుల ఏం పెట్టుకోకు."

అటక నా తల మీదే ఉంది. డబ్బా అటక మీద ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"పోనీ యాదగిరీ. అయిందేదో అయింది. మాఫ్ చేసిన" అన్నాను.

ఆ మూడు ముక్కలు ఎట్లా వచ్చాయో నాకు ఈ రోజుకీ తెలియదు. నోరు పెగలక మౌనంగా ఉన్నా కొంత నయమయ్యేది. పెద్దరికంగా అన్నాను. మాఫ్ చేశాను. చేయని తప్పుకు ఒకడు చేతులు కట్టుకొని నిలబడితే, అసలు తప్పు చేసిన నేను వాణ్ణి క్షమించాను. అతను నా చెయ్యి పట్టుకొని కళ్లకద్దుకున్నాడు. ఆ కార్బురేటర్ తీసుకున్నాను. బిగించాను. ఈ రోజు పిల్లలు "ఏం సౌండ్ బాపూ" అని మురిసిపోయేది దాని చప్పుడుకే.

అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోలేదు. వాళ్లమ్మ పోయినప్పుడు నేనూ వెళ్లాను. పాడెకు ఈ పక్కన ఒకడు, ఆ పక్కన ఒకడు. నర్సింగ్ నావైపు చూశాడు. నేను ఆ చూపును కూడా అనుమానించాను. తెలిసిపోయిందేమో, అందరి ముందు అడుగుతాడేమో అని కాష్ఠం దాకా వెళ్లకుండా వెనక్కి తిరిగాను. అప్పటి నుంచి అందరి మీదా అనుమానమే. గల్లీలో ఎవరు నవ్వినా నా గురించే అనిపించేది. మా ఆవిడ ఎప్పుడైనా అటక సర్దుతానంటే వద్దని కసిరేవాణ్ణి. ఆమె గోళ్ల రంగు వేసుకోవడం ఎప్పుడో మానేసింది. ఎందుకు మానేసిందో అడగడానికి భయం.

పోయిన నెల యాదగిరికి పక్షవాతం వచ్చింది. చూడటానికి వెళ్లాను. మాట ముద్దగా వస్తోంది. నన్ను దగ్గరికి వంగమని, "నర్సింగును పిలుద్దామని ఉంది సార్. పోయింది నీ సామాన్. నువ్వు సరే అంటే పిలుస్త" అన్నాడు.

సరే అంటే చాలు. మళ్లీ ఒకసారి పెద్దమనిషిని కావచ్చు. తమ్ముడు దొంగగానే వస్తాడు, అన్న మన్నిస్తాడు, ఇద్దరూ నాకు దండం పెడతారు. నేను అతని కళ్లలోకి చూశాను. ఇతనికి తెలుసా? తెలిసే నాకొక అవకాశం ఇస్తున్నాడా? ఎంత చూసినా ఏమీ దొరకలేదు. జబ్బు మనిషి కళ్లు. తమ్ముణ్ణి చూడాలనుకుంటున్న కళ్లు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి అటక మీది డబ్బా దించాను. మర్నాడు పొద్దున దాన్ని యాదగిరి మంచం మీద పెట్టి, విప్పి, లోపలి గుర్తు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను తిట్టలేదు. తిడతాడనే వెళ్లాను. బాగున్న చేత్తో ఆ కప్పును చాలాసేపు తడిమి, "నాకెందుకు చెప్తున్నవ్ సార్. పోయి వానికి చెప్పు" అని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

నర్సింగ్‌కు చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద పంక్చర్ల దుకాణం. మోపెడ్ మీదే వెళ్లాను. ముసలివాడయ్యాడు. బండిని చూసి గుర్తుపట్టాడు, నన్ను చూసి పని ఆపలేదు. నిలబడే చెప్పాను. బస్సుల మోతలో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నువ్వు తీయలేదు నర్సింగూ, ఎవరూ తీయలేదు, నాకు అప్పుడే తెలుసు, చెప్పలేదు అని. డబ్బా చేతికిచ్చాను. గుర్తు చూపించాను. వెలుతురుకు ఎత్తి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మా అన్నకు బాగలేదని తోలిచ్చిన్రా నిన్ను? మమ్మల్ని కలపనీకి గీ నాటకమా?" అన్నాడు. "గీ గుర్తు నువ్వు నిన్న గీకినవేమో సార్. ఎవలికి ఎర్క?"

అబద్ధం చెప్పినప్పుడు నన్ను ఒక్కడూ అనుమానించలేదు. ఇంకేం రుజువు చూపించను? మా నాన్న లేడు. గోళ్ల రంగు లేదు. ఒట్టు పెడదామంటే, ఒట్లకు విలువ లేదని ఆ షెడ్డు ముందు వాళ్లకు నేర్పింది నేనే. తల వంచుకొని నిలబడ్డాను. అతను డబ్బాను పక్కన పెట్టాడు. ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసుకుంటున్నాడు.

పెడల్ తొక్కాను. బండి స్టార్టయింది, యాదగిరి ఇచ్చిన కార్బురేటర్ కదా. నర్సింగ్ నన్ను మాఫ్ చేయలేదు. నమ్మనే లేదు, మాఫ్ ఎట్లా చేస్తాడు? వాళ్లన్న దగ్గరికి వెళ్తాడో లేదో కూడా నాకు తెలియదు. మీరు కూడా నన్ను నమ్మకపోవచ్చు, నేను మీ స్థానంలో ఉంటే నమ్మేవాణ్ణి కాదు. అయినా రాస్తున్నాను. నర్సింగ్ దొంగ కాదు. ఈ మాట నా నోటితో ఇద్దరి ముందు, నా చేత్తో ఒకసారి బయటికి వచ్చింది. గుండె ఆ మేరకు తేలికైంది, అంతకు మించి కాదు.

రోడ్డు మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ట్యూబు నీళ్లలోనే తేలుతోంది. నర్సింగ్ స్టూలు మీద కూర్చొని, డబ్బా ఒళ్లో పెట్టుకొని, కార్బురేటర్ లోపల ఆ గుర్తున్న చోట బొటనవేలితో తుడుస్తున్నాడు.