ఆటల గదిలో మా పాప ఫోటో

మా ఆయనకు చిత్తూరు బెల్లం మండీలో అంగడి ఉంది. గల్లాపెట్టె పైన మా మామగారి ఫోటో, దానికి చందనం దండ, కింద ఎర్రటి జీరో బల్బు. పొద్దున అంగడి తలుపు తీయగానే ఆయన ముందు ఆ ఫోటోకు దండం పెట్టి, తర్వాతే తక్కెడ ముట్టుకుంటాడు. మా వీధిలో ఏ అంగడికి పోయినా ఇదే వరస. పోయినవాళ్లు గోడ మీద నుంచి వ్యాపారం చూసుకుంటూ ఉంటారు, ఉన్నవాళ్లకు అదొక ధైర్యం. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తిరుపతిలో పిల్లల ఆసుపత్రికి మేము ఆటల గది చేయించి ఇచ్చినప్పుడు ఆయన చేసిన పని మాలాంటి అంగళ్లవాళ్లకు తప్ప ఇంకెవరికీ తోచదు.

పాపకు ఆరేళ్లు నిండాక రక్తంలో క్యాన్సర్ అని తేలింది. చిత్తూరులో చూసిన డాక్టరు తన వల్ల కాదని తిరుపతికి పంపాడు. అప్పటి నుంచి పూతలపట్టు మీదుగా ఆ బస్సులో ఎన్నిసార్లు తిరిగామో. మందులకు పాప జుట్టంతా రాలిపోయింది. తిరుపతి బస్సులో గుండును ఎవరూ వింతగా చూడరు. పక్క సీట్లో కూర్చున్నావిడ మొక్కు తీరిందా తల్లీ అని పాపను పలకరించేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. పాప మాత్రం తీరిందన్నట్టు బుద్ధిగా తల ఊపి, ఆవిడ అటు తిరగగానే నాకు కన్ను గీటేది. పోనుపోను నేనూ తీరిందనే చెప్పడం నేర్చుకున్నాను.

ఆ వార్డులో మందులు ఉన్నాయి, మంచి డాక్టర్లు ఉన్నారు. వాళ్లను ఒక్క మాట అనను. ఆడుకోవడానికి మాత్రం జానెడు చోటు లేదు. పాప వరండాలో కూర్చుని సెలైన్ సీసాల మూతలతో అచ్చనగాయలు ఆడేది. నర్సమ్మ చేతి తొడుగును ఊది బుడగలా కట్టి ఇస్తే దానికి కళ్లూ ముక్కూ గీసి పేరు పెట్టేది. ఊడ్చే ఆమె వచ్చి లేవమనేది. లేచి ఇంకో మూల కూర్చుంటే స్ట్రెచర్ వస్తోందని ఇంకెవరో లేపేవాళ్లు. అలా లేపించుకుని లేపించుకుని ఒకరోజు మూతలన్నీ గౌనులో పోసుకుని వాళ్ల నాన్న దగ్గరికి వచ్చింది.

"నాయనా, ఈడ ఆడుకోను యాడా సోటు లేదా?"

నేను చేయిస్తా లేమ్మా అన్నాడాయన. జ్వరంతో ఉన్న బిడ్డకు ఎన్ని చెప్పం? చందమామను తెస్తామంటాం, ఏనుగును తెస్తామంటాం. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

పాప పోయింది. ఆ రోజు గురించి నేను రాయలేను.

పెద్దదినం నాటికి చుట్టాలందరూ తలా ఒక సలహాతో దిగారు. పాప పేరుమీద అన్నదానం చేయిద్దామని ఒకరు, గుడికి ఫ్యాన్లు ఇద్దామని ఒకరు. మా వీధి గుడిలో ఇప్పటికే ఫ్యాను రెక్క రెక్కకూ దాతల పేర్లే. కరెంటు ఉన్నప్పుడే నయం, పోతే అవన్నీ చదువుకుంటూ కూర్చోవాలి. మా ఆయన అందరి మాటలూ విని, అందరూ తిని లేచాక, ఆసుపత్రిలో ఆటల గది అన్నాడు.

వార్డు చివర విరిగిన మంచాలు పడేసిన గది ఒకటుంటే ఆసుపత్రివాళ్లు దాన్ని ఇచ్చారు. మండీలో తోటి వ్యాపారులు తలా ఒక చెయ్యి వేశారు. తిరుపతిలోనే ఉన్న ఒక సేవా సంఘంవాళ్లు వచ్చి, గది మీరు బాగు చేయించండి, అందులో పిల్లలతో ఉండే మనిషికి జీతం మేమిస్తాం అన్నారు. అలా వచ్చిన అమ్మాయిది కార్వేటినగరం. జబ్బు పిల్లలను ఆడించడానికే ప్రత్యేకంగా చదువుకుందట. పిల్లలందరూ ఆటల మేడం అంటారు. వెన్నులో సూది వేయించుకోవాల్సిన బిడ్డకు ముందుగా ఎలుగుబంటి బొమ్మను ఇచ్చి, అది ఎలా ముడుచుకుని పడుకుంటుందో చూపించి, బిడ్డ చేతనే దానికి ఉత్తుత్తి సూది వేయిస్తుంది. ఆ తర్వాత బిడ్డ తనంతట తనే అలా పడుకుంటుంది. మా పాపకు వెన్నులో సూది వేయాలంటే నలుగురు పట్టుకోవాల్సి వచ్చేది. ఈ అమ్మాయిని కాస్త ముందుగా పంపి ఉండకూడదా అని దేవుడి మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

చిత్తూరులో బోర్డులు రాసే సాయిబు మా ఆయనకు స్నేహితుడు. ఆ సాయిబే వచ్చి గోడల చుట్టూ రైలు గీశాడు. ఒక్కో పెట్టె కిటికీలోంచి ఒక్కో జంతువు తల బయటపెట్టి చూస్తూ ఉంటుంది. పాపను ఎత్తుకుని ఆడించిన మనిషి, కూలి మాట ఎత్తితే కసురుకున్నాడు. ఇంజిన్ పైన మాత్రం కొంచెం ఖాళీ వదిలేయమని మా ఆయన చెప్పాడు. అది దేనికో గది తెరిచిన రోజు తెలిసింది. అక్కడ పాప ఫోటో పెట్టాడు. జబ్బు రాకముందుది, రెండు జడలు, జడల్లో కనకాంబరాలు. ఫోటోకు చందనం దండ, నుదుటి మీద కుంకుమ బొట్టు, కింద ఎర్రటి జీరో బల్బు. తన పేరు ఎక్కడా వేయించుకోలేదు. బుడగలు కట్టాం కాబట్టి ఆ రోజు పిల్లలు వచ్చారు. దీపం పెట్టాం, టెంకాయ కొట్టాం, అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆ ఎర్రటి వెలుగులో పాప ముఖం చూసి ఎంత బాగుందో అని నేనూ అనుకున్నాను.

తర్వాత నెలకోసారి వేరుశనగ ఉండలు చేసుకుని పోయేవాళ్లం. ఎప్పుడు పోయినా గది అద్దంలా ఉండేది. బొమ్మలు మేము పెట్టిన చోటే ఉండేవి. రంగు పెన్సిళ్ల మొనలు చెక్కినవి చెక్కినట్టే ఉండేవి. ఎంత నీటుగా పెట్టుకోనుండారో సూడు మే అని మా ఆయన మురిసిపోయాడు. నాకు మురిపెం రాలేదు. పిల్లలు తిరిగే గదిలో గోడకు గీతలుండాలి, బొమ్మకు చెయ్యి ఊడి ఉండాలి, ఏదో ఒక మూల బిస్కెట్ ముక్కకు చీమలు పట్టి ఉండాలి. ఈ గదిలో పిల్లలు లేరు.

ఆయన డాక్టరును కలవడానికి పోయినప్పుడు ఆటల మేడంను పట్టుకున్నాను. బొమ్మలను బుట్టలో పెట్టుకుని మంచాల దగ్గరికే తీసుకుపోతున్నానని, వానలకు జలుబులు ఎక్కువయ్యాయని ఏదేదో చెప్పింది. నా నోరు మంచిది కాదు, పట్టుకుంటే వదలను. చివరికి ఆ అమ్మాయి తల వంచుకుని చెప్పింది.

"అమ్మలు రానీరక్కా. ఫోటో సూసి గడప కాడే తిరుక్కుంటారు. ఆ పాపకేమైందని పిల్లోళ్లు అడిగితే ఏం సెప్పల్ల?"

ఆ తల్లులందరినీ నాలుగు మాటలు అనాలనే నోరు తెరిచాను. అంతలో ఆ గడప వైపు చూశాను. అదే గడప దగ్గర, గుండుతో ఉన్న నా బిడ్డ చెయ్యి పట్టుకుని నేను నిలబడి ఉంటే, ఎదురుగా దండ వేసిన ఇంకొక బిడ్డ కనపడి ఉంటే? నేను ఒక్క క్షణం కూడా నిలబడేదాన్ని కాదు. పాప ఏడ్చినా ఈడ్చుకుపోయేదాన్ని.

ఆయనకు చెప్పాల్సింది నేనే. మరునాడు పొద్దున కాఫీ ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"నా బిడ్డను సూసి భయపడతా ఉండారా?"

బిడ్డను చూసి కాదు, దండను చూసి అన్నాను. దండ తీసేద్దాం, బల్బు తీసేద్దాం, కావాలంటే ఫోటో ఒక్కటే ఉంచుదాం అని కూడా అన్నాను. కానీ ఆ పాప ఎవరు అని అడిగే నోళ్లను ఎవరు మూస్తారు? ఆ సంగతి ఆయనకూ తెలుసు. గోడకు ఆనుకుని కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"అప్పుడూ లెయ్యి లెయ్యి అని వాళ్లు లేపిరి. ఇప్పుడు మనమే లేపాల్నా?"

నాకు అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో పాప ఫోటోలకు కొదవ లేదు. ఆ గోడ మీదిది మాత్రం ఆయనకు ఫోటో కాదు. చోటు లేదా అని అడిగిన బిడ్డను తీసుకుపోయి అక్కడ కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఒక్క తృప్తితో మనిషి లేచి తిరుగుతున్నాడు, అంగడి తీస్తున్నాడు, ఇంత తింటున్నాడు. దాన్ని తీసేయమని చెప్పే దౌర్భాగ్యం నాకు పట్టింది.

వారం తర్వాత ఒకరోజు అంగడికని పోయిన మనిషి పొద్దుగూకాక వచ్చాడు. తిరుపతికి పోయొచ్చానన్నాడు. ఆటల గదిలో ఒక్కడే కూర్చున్నాడట. సెలైన్ స్టాండు పట్టుకుని చిన్న ఆడపిల్ల ఒకతి గడప దాకా వచ్చి నిలబడిందట. రా తల్లీ, ఎలుగుబంటి ఉండాది, ఆడుకుందువు రా అని పిలిచాడట. అది బొమ్మను చూడలేదు, ఫోటోనే చూస్తూ ఉందట. తర్వాత ఆయన్ను అడిగిందట.

"ఆ అక్క మాదిర్తోనే నన్ను గూడా గోడకు పెడతారా మామా?"

ఈ మాట నాకు చెప్పి ఆయన ఏడ్చాడు. పాప పోయినప్పుడు కూడా ఆయన ఇలా ఏడవలేదు, అప్పుడు నన్ను పట్టుకోవడంతోనే సరిపోయింది. ఇప్పుడు నేను పట్టుకున్నాను. నువ్వేం చెప్పావని అడిగాను. లేదు తల్లీ లేదు తల్లీ అన్నాడట, అంతే.

మరునాడు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని ఆయనే నన్ను బయలుదేరదీశాడు. స్టూలు వేసుకుని తనే ఎక్కాడు. ముందు బల్బు తీశాడు, తర్వాత దండ, తర్వాత ఫోటో. భుజం మీది తువ్వాలు దులిపి, ఫోటోను అందులో చుట్టి చంకన పెట్టుకున్నాడు. ఆటల మేడం కళ్లు తుడుచుకుంటూ ఆ ఖాళీ చోట తెల్ల అట్ట ఒకటి అంటించి, మీ ఇష్టం వచ్చింది గీయండి అని వార్డులోకి పోయి కేకేసింది.

కాసేపు ఎవరూ రాలేదు. తర్వాత ఒక తల్లి తొంగిచూసి, బిడ్డ చెయ్యి వదిలింది. ఇంకాసేపటికి స్టాండ్లన్నీ గడప దగ్గర ఇరుక్కున్నాయి. గుండు పిల్లలు, మూతికి గుడ్డ కట్టుకున్న పిల్లలు, నడవలేక అమ్మ చంకలో వచ్చినవాళ్లు. రంగు పెన్సిళ్ల డబ్బాలన్నీ కింద పడ్డాయి. ఎలుగుబంటి కోసం ఇద్దరు కొట్టుకున్నారు. ఎవరో రైలు ఇంజిన్ మీద నీలం రంగు పూసేశారు. ఆ గోల వరండా దాకా వినపడుతూ ఉంది.

మా ఆయన లోపలికి పోలేదు. వరండాలో బెంచీ మీద, తువ్వాలులో చుట్టిన ఫోటోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఏర్పేడు నుంచి వచ్చామని చెబుతూ ఒకావిడ మా పక్కన చేరింది. కొడుకును వారం కిందటే చేర్చారట. ఎవరితోనైనా మాట్లాడితే బాగుండునన్నట్టు ఉంది పాపం. మీ బిడ్డ ఏ వార్డులో ఉందని మా ఆయన్ను అడిగింది.

"లోపల ఆడుకుంటా ఉండాది తల్లీ" అన్నాడాయన.

ఆవిడ ఆ గోల వైపు చూసి నిట్టూర్చింది.

"పుణ్యాత్ములప్పా మీరు. మావోడు ఇంకా మంచం దిగలే."

"దిగతాడు తల్లీ" అన్నాడు, ఒళ్లోని ఫోటోను రెండు చేతులతో పట్టుకుని. "దిగతాడు."

నేను పక్కనే ఉన్నాను. తిరుపతి బస్సులో పాప ఊపినట్టే నేనూ ఆవిడకు అవునని తల ఊపాను.