ఆ ఫోటో ఏ స్టేషను పరిధిలోది

సర్వే శాఖలో ఉన్నన్నాళ్లూ ఒరిస్సా హద్దులో ఏ లారీ బోల్తా పడినా నన్నే పిలిచేవారు. బండి హద్దుకు ఎటువైపు పడిందో గొలుసు పట్టి కొలిచి చెబితే, ఆ రాష్ట్రం పోలీసులు కేసు రాసుకునేవారు. జరిగిన ప్రతి పనికీ ఒక చోటు ఉంటుందని ఆ ఉద్యోగం నాకు నేర్పింది.

రిటైరయ్యాక, రెండు వేల సంవత్సరం దాటిన రోజుల్లో అరకులో నెట్ సెంటరు పెట్టారు. ఒకనాడు దాని యజమాని నన్ను పిలిచి, ఒక విదేశీయుడి వెబ్‌సైట్లో నేను తీసిన ఫోటో చూపించాడు. వలిసె పూల మధ్య కూర్చుని, చుట్టకు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతున్న ముసలమ్మ. మబ్బు విడిచేదాకా చేనుగట్టు మీద కాచుకుని తీశాను. ఆ సంగతి డైరీలో కూడా రాసుకున్నాను. బొమ్మ కింద పేరు మాత్రం మా పక్కింటి మిత్రుడిది. ఫారెస్టు గార్డుగా చేసిన మనిషి, కెమెరా ఎటు పట్టుకోవాలో తెలియదు. ప్రింటు ఒకటి అతనికి ప్రేమగా నేనే ఇచ్చాను. వెళ్లి నిలదీశాను.

"నానేటి సేత్తాను బావా? అరకు సూడ్డానికొచ్చిన తెల్లదొర అడిగితే ఇచ్చీసినాను. పేరెయ్యమని నానన్లేదు" అన్నాడు.

అలా అన్నవాడే, టీకొట్టు దగ్గర ఎవరో "ఫోటోగ్రాఫరుగారూ" అంటే వెంటనే పలికాడు. నాకు ఒళ్లు మండింది. నెగెటివు పట్టుకుని నేరుగా స్టేషనుకి వెళ్లాను.

ఎస్.ఐ. గారు నెగెటివును వెలుగుకు పట్టి చూశారు. "ఫోటో మీదేనండి సర్వేయరుగారూ. కానీ పెట్టినవాడు ఒక దేశంలో, ఆ కంప్యూటరు ఇంకో దేశంలో, మీరు చూసింది అరకులో. నేరం ఎక్కడ జరిగినట్టు? మీరే గొలుసేసి కొలిచి చెప్పండి."

"నష్టం నాకిక్కడే జరిగింది కదండీ."

"సరే, రాశాననుకోండి. ఆ దేశంలో ఎవరికి పంపను? ఘాట్ కింద స్టేషనే నా కాగితానికి బేగి జవాబివ్వదు. నా పరిధిలో దొరికేది మీ మిత్రుడొక్కడే. ఆయన మీద రాయమంటారా?"

రాయమనాలనే అనిపించింది. ఆ దొర మీద నాకు కోపమే లేదని అప్పుడు తెలిసింది. "వద్దండి" అనడానికి కాస్త ఆలస్యమైంది.

చివరికి మిత్రుడే నా ఎదుట దొరకు మెయిలు రాయించాడు. ఫోటో మా బావది, పేరు మార్చమని. కొద్దిరోజులకు జవాబొచ్చింది. క్షమించమన్నాడు, గొడవెందుకని ఫోటోనే తీసేశాడు.

నా పేరు పడలేదు గానీ అతని పేరు పోయింది. దానితో సరిపెట్టుకుందామనుకున్నాను. మర్నాడు టీకొట్టు దగ్గర జనం అతని చుట్టూ మూగారు.

"అయ్యో, మీ ఫోటో పీకీసినారట గదా" అంటూ కొట్టువాడు అతనికి ఊరికే టీ పోశాడు.

నేను నా టీకి డబ్బులిచ్చి వచ్చేశాను.