తాత ముద్ద

నా చిన్నప్పుడు మేం జంషెడ్‌పూర్‌లో, బర్మామైన్స్‌లో, ఒక గదీ ఒక వంటవసారా ఉన్న ఇంట్లో ఉండేవాళ్ళం. డెబ్బైలు సగానికి వచ్చిన రోజులవి. నాన్నది కార్ఖానాలో పని. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. మా వీధిలో సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. నేను మాత్రం అక్కడే పుట్టాను. ఏడేళ్ళు వచ్చేదాకా మా ఊరు ఎలా ఉంటుందో చూడలేదు. నాన్నకు సెలవు దొరికితే అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు, అమ్మ బాగుంటే నాన్నకు సెలవు దొరికేది కాదు.

అందుకని మా చుట్టాలందరినీ అమ్మ నాకు అన్నం ముద్దల్లోనే పరిచయం చేసింది. పప్పన్నం కలిపి, ముద్దలు చేసి, కంచం అంచున వరసగా పేర్చి ఒక్కోదానికి ఒక్కో పేరు చెప్పేది. ఇది పెద్దమ్మది, ఇది చిన్నమామది, ఇది పలాస అత్తది. ఎవరి ముద్ద వదిలేస్తే వాళ్ళు అక్కడ అలిగి కూర్చుంటారని చెప్పేది, నేను నమ్మేదాన్ని. ఆఖరుది, అన్నిటికన్నా పెద్దది, తాత ముద్ద. తాతంటే అమ్మకు నాన్న. ఆయన ఫొటో కూడా మా ఇంట్లో లేదు. కానీ కంచం అడుగున మిగిలిన నెయ్యంతా ఆ ముద్దకే పట్టేది కాబట్టి, చుట్టాలందరిలోకీ నాకు తాతంటేనే ఇష్టం.

నాకు ఏడేళ్ళు వచ్చిన ఏడు ఆస్పత్రిలో డాక్టరు నా కింది రెప్ప లాగి చూసి, ఒంట్లో రక్తం లేదన్నాడు. మందుబిళ్ళలు రాసి, వాటితో పాటు మేక కార్జం, అంటే కాలేయం, పెట్టమన్నాడు. అమ్మ మిరియాలు దంచి వేసి ఎంతో శ్రద్ధగా వేయించింది. ఆ వాసనకే నేను మొహం పక్కకు తిప్పేసుకున్నాను. మంచిమాటలు చెప్పింది, బెదిరించింది, చివరికి ముక్కు మూసి నోట్లో కుక్కింది. కక్కేశాను. వీపు మీద రెండు పడ్డాయి. దెబ్బలు పడితే నాకు తెలుగు పోయి హిందీ వచ్చేది. తిననంటే తిననని, నై ఖాఊంగీ, నై ఖాఊంగీ అంటూ వీధంతా వినబడేలా ఏడ్చేదాన్ని. అమ్మ పంతం పట్టిందంటే ఉడుమే, నేనూ ఆమె కూతుర్నే.

మూడు వారాలు ఇలా గడిచాక అమ్మ కార్జం మాట ఎత్తడం మానేసింది. నేనే గెలిచానని వీధిలో పిల్లలందరికీ చెప్పుకున్నాను.

ఒకరోజు తాత ముద్ద నములుతుంటే పంటి కింద ఏదో బరకగా తగిలింది. నమిలిన కొద్దీ ఆ వాసన బయటికి వచ్చింది. ఉమ్మేసి చూస్తే అన్నం మధ్యలో నల్లటి పొడి. ఇదేమిటని అమ్మను అడిగాను.

"ఏటీ నేదే. జీలకర్ర," అంది అమ్మ. అంటూనే చూపు పక్కకు తిప్పుకుంది.

ఏడేళ్ళ పిల్లకు కూడా ఆ చూపు చాలు. కార్జాన్ని మాడేలా వేయించి, దంచి పొడి చేసి, ఎన్ని రోజుల నుంచో తాత ముద్దలో పెట్టి తినిపిస్తోందని ఒక్కసారిగా అర్థమైంది. కార్జం కడుపులోకి వెళ్ళినందుకు కాదు నేను ఏడ్చింది. ఇన్నాళ్ళూ నవ్వుతూ, తాత పేరు చెబుతూ పెట్టినందుకు ఏడ్చాను.

ఆ రోజు నుంచి అమ్మ చేతి ముద్ద ముట్టలేదు. పక్కింటి బిహారీ చాచీ కాల్చే రొట్టె మాత్రం తినేదాన్ని. రొట్టె పల్చగా ఉంటుంది కాబట్టి అందులో ఏమీ దాచలేరని నా లెక్క. అన్నంతో పాటు మందుబిళ్ళలూ మానేశాను. అమ్మ మాత్రం రోజూ కంచం ముందు పెట్టుకుని కూర్చునేది, నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. అలా నెల తిరక్కుండానే బళ్ళో ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తిరిగి పడిపోయాను. మాస్టారు సైకిల్ మీద ఇంటికి తెచ్చి దింపారు. అమ్మ గుమ్మంలో కూలబడిపోయింది. నాన్న ఆ సాయంత్రమే తాతకు ఉత్తరం రాశాడు.

తాత రైలెక్కి వచ్చాడు. టాటానగర్ స్టేషన్ నుంచి నాన్న ఆయన్ని రిక్షాలో తీసుకొచ్చాడు. పొడుగ్గా, బక్కగా ఉన్నాడు, భుజం మీద జీడిపప్పు మూట. నన్ను చూడగానే చేతులు చాపాడు. నేను ముక్కు మూసుకుని తలుపు వెనక్కి వెళ్ళిపోయాను. నిజం చెబుతున్నాను, నాకు ఆయన దగ్గర కార్జం వాసన వచ్చింది. పాపం, చాపిన చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు.

తరవాత వంటవసారాలో అమ్మ జరిగిందంతా చెప్పింది. నేను తలుపు వెనకే ఉన్నాను. తాత గొంతు పెంచలేదు.

"బతికించుకోవద్దని ఎవులన్నారే. నా పేరెట్టి దాన్ని మోసం సేసేవేటి? దానికి నా పేరొక్కటే తెలుసు, మొగం తెల్దు. నాను రైలు దిగీసరికే నా పేరు పాడైపోనాది."

అమ్మ చేతిలో గరిటె కింద పెట్టింది. తరవాత అన్న మాటలు నాకు ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"దీని అక్క వద్దంటే ఊరుకున్నానయ్యా. ఏడుస్తాది, పోన్లే అని ఊరుకున్నాను. మంచం మీంచి అది లేచిందేటి? ఇదీ అలగే పోతే నానేటైపోవాలి?"

నాకంటే ముందు ఒక అక్క పుట్టి, నాలుగేళ్ళకే పోయిందని తెలుసు. ఆ పిల్ల తినకపోవడం వల్లే పోయిందని అమ్మ తనను తాను తిట్టుకుంటోందని తెలియదు. తలుపు సందులోంచి అమ్మ వీపు చూస్తూ నిలబడ్డాను. అయినా వెళ్ళి అమ్మ పక్కన కూర్చోలేకపోయాను.

మర్నాడు తాత అమ్మ చేత కార్జం వేయించాడు, పొడి చెయ్యొద్దన్నాడు. తనే అన్నం కలిపి, ముద్ద చేసి, నా ముందు దాన్ని రెండుగా విప్పాడు. మధ్యలో ఉన్న ముక్కను వేలితో చూపించాడు.

"ఇందులో కార్జం ఉంది, సూడు. రుసి బాగోదు, నాకూ నచ్చదు. తింటే రగతం పడతాదని డాక్టరు సెప్పినాడంట. తింటావో మానేత్తావో నువ్వే సెప్పు. ఈ ముద్దకి ఎవుల పేరూ నేదు."

మానేస్తానన్నాను. సరేనని తనే తిన్నాడు. మొహం చేదు మందు మింగినట్టు పెట్టాడు, అది నటన కాదు. రెండో రోజూ అంతే. ఆ రోజు అమ్మ ఆగలేక నా మీదికి లేచి వచ్చింది, తాత ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు. ఆ రెండు రోజులూ అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని తరవాత నాన్న చెప్పాడు. మూడో రోజు నేను సగం ముక్క తిన్నాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా తిన్నాను. తాత శభాష్ అనలేదు, మిగిలిన సగం తను తిన్నాడు. ఆయన ఉన్న పది రోజులూ అలాగే చెరిసగం తిన్నాం. మందుబిళ్ళలు కూడా ఆయన చేతి మీదుగానే వేసుకున్నాను.

ఏడాది తిరిగేసరికి నా ఒంట్లో రక్తం పట్టింది. అది తాతతో తిన్న సగం ముక్కల వల్లో, మందుల వల్లో, అంతకు ముందు అమ్మ దొంగచాటుగా పెట్టిన పొడి వల్లో ఎవరు చెప్పగలరు? పిల్లలు వద్దన్నది బలవంతంగా పెట్టొచ్చా అని ఇప్పుడు మా కోడలు అడుగుతుంటుంది. పెట్టొద్దని నేను గట్టిగా చెప్పలేను. వద్దంటే ఊరుకుని, ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లి కడుపున పుట్టాను. ఏం పెడుతున్నావో పిల్లకు చెప్పి పెట్టు, అది ఏడ్చినా సరే అని మాత్రం చెబుతాను.

తాత వెళ్ళాక అమ్మ మళ్ళీ నాకు ముద్దలు పెట్టింది. పేర్లు చెప్పడం మాత్రం మానేసింది. ప్రతి ముద్దా నోటి దాకా తెచ్చి, రెండుగా విప్పి చూపించి, అప్పుడు పెట్టేది. నేను చూసేదాన్ని. చూడనక్కర్లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఆమె అడగలేదు.

చాలా ఏళ్ళకు కాన్పుకని అమ్మ దగ్గరికి వచ్చాను. పచ్చి బాలింతనని పత్యం అన్నం తనే కలిపి ముద్ద చేతిలో పెట్టింది. ఆ రోజు విప్పి చూపించలేదు. కూతురు తల్లయింది, ఇక అక్కర్లేదనుకుందేమో. కానీ నా వేలు దానంతట అదే ముద్దలోకి దిగి రెండుగా విప్పింది. అమ్మ చూసింది. చారు తేవడానికి లేచి వెళ్ళింది. నీ మీద కోపం ఎప్పుడో పోయిందే అమ్మా అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఇవాళ్టికీ ముద్ద విప్పి చూసుకోకుండా నోట్లో పెట్టుకోలేను, నా చేత్తో నేను వండుకున్న అన్నమైనా సరే.