పిండి చేతుల్లో సత్ప్రసాదం

మొన్న ఆదివారం తార్నాకలోని మా చర్చిలో, పూజలో క్రీస్తు శరీరమని అందుకునే అప్పాన్ని, సత్ప్రసాదాన్ని, పంచడానికి కొత్తగా అనుమతి వచ్చిన ఒక అమ్మాయి, యూనివర్సిటీలో చదువుకునే పిల్ల, పాత్ర పట్టుకుని నా పక్కన నిలబడింది. ఆమెను చూడగానే నాకు నా మొదటి రోజు గుర్తొచ్చింది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు ఫాదర్ తప్ప ఆ ప్రసాదాన్ని ఎవరూ ముట్టేవారు కాదు. నాకైతే అక్షరాలే యాభై దాటాక వచ్చాయి. క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ మెస్సులో రొట్టెలు చేసేదాన్ని. మధ్యాహ్నం వడ్డన అయ్యాక, తుడిచిన బల్ల మీదే పుస్తకం పెట్టి, అక్కడి విద్యార్థిని ఒకమ్మాయి నాకు చదవడం నేర్పింది. ఆ రోజుల్లోనే మా విచారణలో, అంటే మా చర్చి కింద ఉన్న పేటలన్నిటిలో, ఫాదర్ గారు ఒక్కరే, మంచాన పడ్డవాళ్ళు చాలామంది కాబట్టి, మాలాంటి మామూలు విశ్వాసులే శిక్షణ పొంది, బిషప్ గారి అనుమతితో ఇళ్ళకు సత్ప్రసాదం తీసుకెళ్ళే పద్ధతి మొదలైంది. సువార్త చదవగలిగేవాళ్ళు కావాలన్నారు. చెయ్యెత్తింది నేనేనా అని నాకే ఆశ్చర్యం!

నాకు అప్పగించిన మొదటి ఇల్లు సీతాఫల్‌మండిలో మా మరిదిది. అక్కడ మంచం మీద మా అత్త. సంగతి తెలిసి ముందే కబురు పంపింది.

“ఫాదర్ చేతులకు అభిషేకం ఉన్నది. దాని చేతులకు ఏమున్నది, రొట్టెల పిండి తప్ప?”

నన్ను కాదంటే పోనీ గానీ, నా మూలంగా ఆవిడ సత్ప్రసాదానికే దూరమవుతుందేమోనని నా భయం.

ఆ శుక్రవారం చిన్న గుండ్రటి డబ్బీలో ప్రసాదం పెట్టుకుని, దాన్ని తాడుతో మెడలో వేసుకుని, గుండెకు హత్తుకుని క్యాంపస్ చెట్ల కిందుగా నడిచాను. అది వెంట ఉండగా దారిలో ముచ్చట్లు పెట్టకూడదని మాకు నేర్పారు. మెస్సులో నాతో పనిచేసే ఆమె ఎదురై, “ఏందక్కా, తెల్లచీర కట్టంగనే మేము కనపడ్తలేమా?” అని కేకేసింది. నవ్వు ఆపుకుని, తల వంచుకుని సాగిపోయాను. ఆమె అలక తీర్చడానికి మర్నాడు పొద్దంతా పట్టింది.

నేను వెళ్ళేసరికి అత్త గోడవైపు తిరిగి పడుకుంది. కొవ్వొత్తి వెలిగించి, వేలు పెట్టి సువార్త చదవసాగాను. సగంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఎంత కూడబలుక్కున్నా నోరు తిరగలేదు. అప్పుడు గోడవైపు నుంచి గొంతు వినిపించింది.

“స్వస్థత.”

ఒక్క అక్షరం రాని మా అత్త, జీవితమంతా విని విని సువార్తలను కంఠతా పట్టిన మనిషి!

“ఆగినవేంది? చదువు,” అంటూ ఇటు తిరిగింది. నేను చదువుతుంటే ఆవిడ పెదవులు నాకన్నా ఒక మాట ముందే కదిలాయి. చివరికి ప్రసాదం ఎత్తిపట్టి “క్రీస్తు శరీరం” అన్నాను. నా చేతుల వంక ఒకసారి చూసింది. “ఆమెన్” అని నోరు తెరిచింది.

తిరిగి వచ్చేటప్పుడు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇప్పుడు అత్త లేదు. ప్రసాదం పంచేవాళ్ళు మా చర్చిలో చాలామంది అయ్యారు, అందరూ చదువుకున్నవాళ్ళు, ఫోనులో చూసి గడగడా చదివేస్తారు. నేనూ ఇప్పుడు తడుముకోను. అయినా ఏ రోగి మంచం పక్కనైనా ఆ సువార్త చదవవలసి వస్తే, ఆ మాట ముందు కావాలనే కాస్త ఆగుతాను. ఎవరూ అందించరు. నేనే చదువుకుంటాను.